ముందు చక్రం, చివర్న ఛాసిస్: బాహా బండి కడుతున్న తమ్ముళ్లకి

మీరు అడిగింది ఇదీ. విజయవాడ దగ్గర కాలేజీలో మెకానికల్ మూడో ఏడు చదువుతున్న మీరు పాతికమంది కలిసి బాహా పోటీకి, అంటే కాలేజీ పిల్లలు సొంతంగా బండి కట్టి గతుకుల దారిలో పరుగెత్తించే పోటీకి, బండి కడుతున్నారు. రోల్ కేజ్ (డ్రైవరు చుట్టూ ఉండే గొట్టాల పంజరం) సాలిడ్‌వర్క్స్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీసేశారు, ఎఫ్ఈఏలో (కంప్యూటర్లో బలం లెక్కేసే పద్ధతి) ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ, అంటే ఫ్రేము ఓర్చుకోగల భారం దాని మీద పడే భారానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె, 2.4 వచ్చింది. "ఇక షాకప్‌లు కొనడమే మిగిలింది అన్నా, ఏవి కొనమంటారు? వెనక ట్రెయిలింగ్ ఆర్మ్ పెట్టాలా, డబుల్ విష్‌బోన్ పెట్టాలా?" అన్నారు. ట్రెయిలింగ్ ఆర్మ్ అంటే చక్రాన్ని ముందు నుంచి వెనక్కి పొడవుగా పట్టుకునే చెయ్యి, డబుల్ విష్‌బోన్ అంటే పైనొకటి కిందొకటి అడ్డంగా పట్టుకునే రెండు చేతులు.

షాకప్‌ల సంగతి చివర్న చెప్తాను, కోప్పడకండి. మీరు పంపిన బొమ్మలో గొట్టాలన్నీ అందంగా ఉన్నాయిగానీ సస్పెన్షన్ ఆర్మ్‌లు ఫ్రేముకి ఎక్కడ తగులుతాయో ఒక్క చోటా గుర్తు లేదు. షాకప్ పై కొస ఎక్కడ ఆనుతుందో కూడా లేదు. దూలాలు ఎక్కడ కూర్చుంటాయో చూడకుండా గోడలు లేపినట్టుంది. ఇప్పుడు ఆర్మ్‌లు గీస్తే, ఉన్న గొట్టం దగ్గరికి ఆర్మ్‌ని లాక్కొస్తారు. జ్యామెట్రీ పాడయ్యేది అక్కడే. మా మొదటి బండి కథ కూడా ఇదే కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను. నేను రెండేళ్లు ఆడాను, ఒక ఏడు సస్పెన్షన్ చూశాను, ఒక ఏడు కెప్టెన్‌ని. ఇప్పుడు చెన్నైలో ఉద్యోగం కూడా సస్పెన్షన్ డిజైన్‌లోనే.

వరస ఇలా ఉండాలి. ముందు టైరు. టైరు తేలితే రిమ్ము, రిమ్ము లోపల హబ్బు, నకిల్ (ఆర్మ్‌లనీ చక్రాన్నీ కలిపే ముక్క), బ్రేకు ఎంత చోటు తీసుకుంటాయో తేలుతుంది. అది తేలితే నకిల్‌ని ఆర్మ్‌లకి తగిలించే బాల్ జాయింట్లు ఎక్కడుంటాయో తెలుస్తుంది. చక్రం ఎంత పైకీ కిందకీ ఆడాలో నిర్ణయించుకుంటే ఆర్మ్ పొడవు, లోపలి పివట్‌లు (ఫ్రేము వైపు ఆర్మ్ తిరిగే కీళ్లు) వస్తాయి. ఇంకోవైపు నుంచి డ్రైవరు, ఇంజిన్, గేర్‌బాక్సు వాటి చోటు అవి అడుగుతాయి. ఈ బిందువులన్నీ గాల్లో నిలబెట్టాక, రూలుబుక్కు ఒప్పుకునే దారిలో వాటిని కలుపుతూ గొట్టాలు గీస్తే అదే ఛాసిస్. మీ పాత బొమ్మ చెరిపేయక్కర్లేదు, పక్కన పెట్టండి. డ్రైవరు చుట్టూ ఉన్న భాగం చాలావరకు పనికొస్తుంది.

టైరుతో మొదలెడదాం. 23 అంగుళాల టైరు, 7 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల రిమ్ము అనుకోండి. బండి మొత్తం వెడల్పు 1626 మి.మీ. దాటకూడదని రూలు. టైరు వెడల్పు 178 తీసేస్తే ట్రాక్, అంటే ఎడమ కుడి టైర్ల మధ్యగీతల దూరం, 1448 దాకా పోవచ్చన్నమాట. కానీ అంచుదాకా వెళ్లకండి. చక్రం పైకి లేచేటప్పుడు ఆర్మ్ చాపుకుని టైరు బయటికి జరుగుతుంది, టో (పై నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిచేస్తే ఇంకో నాలుగు మిల్లీమీటర్లు పోతాయి. 1400 లోపు ఆగండి.

చక్రం ఆట ముందు వైపు మొత్తం 250 మి.మీ. పెట్టుకుందాం. అందులో నిలబడ్డ చోటు నుంచి పైకి 150, కిందకి 100. ఈ 100 నేను గాల్లోంచి తీయలేదు, చూడండి. బండి డ్రైవరుతో కలిపి 250 కిలోలు అనుకోండి. చక్రాలు, హబ్బులు, బ్రేకులు, ఆర్మ్‌లలో సగం కలిపి ఒక్కో మూల 15 కిలోలు, అంటే నాలుగు మూలలకీ 60. స్ప్రింగుల మీద కూర్చునేది మిగతా 190. ఇంజిన్ వెనకుంది కాబట్టి ముందుకి 80, వెనక్కి 110. ముందు ఒక్కో చక్రం మీద 40 కిలోలు, వెనక 55. ముందు వైపు బండి సెకనుకి 1.6 సార్లు ఊగాలి అని పెట్టుకుంటే చక్రం దగ్గర కావాల్సిన స్టిఫ్‌నెస్, అంటే బిగువు, మిల్లీమీటరుకి 4 న్యూటన్లు. 40 కిలోల బరువుకి ఆ స్టిఫ్‌నెస్ మీద కుంగేది 97 మి.మీ. మనం కిందకి వదిలిన 100 అదే. ఫ్రీక్వెన్సీ (సెకనుకి ఎన్ని ఊపులు), కుంగుడు, డ్రూప్ (కిందకి ఆడే ఆట) మూడూ ఒకే లెక్క. ఒకటి మారిస్తే మిగతా రెండూ మారతాయి. చాలా టీములు మూడింటికీ మూడు వేర్వేరు అంకెలు పెట్టి, మూడూ సాధించామని రిపోర్టులో రాస్తాయి.

వెనక 1.8 పెట్టండి. వెనక కొంచెం ఎక్కువ ఎందుకంటే, గుట్ట ముందు చక్రాలకి ముందు తగులుతుంది, వెనక చక్రాలకి కాసేపాగి తగులుతుంది. వెనక ఊపు కాస్త వేగంగా ఉంటే ముందు ఊపుని అందుకుంటుంది, బండి ఉయ్యాలలా ముందుకీ వెనక్కీ ఊగకుండా సర్దుకుంటుంది. అప్పుడు వెనక చక్రం దగ్గర మిల్లీమీటరుకి 7 న్యూటన్లు కావాలి.

ఇప్పుడు మా వెధవ పని చెప్తాను. చక్రం దగ్గర 4 న్యూటన్లు కావాలని మాకూ తెలుసు. షాకప్ ఆర్మ్ మధ్యలో తగులుతుంది కాబట్టి చక్రం 10 మి.మీ. లేస్తే షాకప్ 6 మి.మీ. నొక్కుకుంటుంది, అంటే మోషన్ రేషియో 0.6. మేం ఆ 4ని (కచ్చితంగా 4.04) 0.6తో ఒక్కసారి భాగించి, 6.7 వచ్చిందని స్ప్రింగు చుట్టించాం. రెండుసార్లు భాగించాలి. షాకప్ ప్రయాణం తగ్గడం ఒకసారి, దాని బలం చక్రం దాకా వెళ్లేసరికి తగ్గడం ఇంకోసారి. సరైన అంకె 11.2. మా స్ప్రింగుతో చక్రం దగ్గర మిగిలింది 2.4 న్యూటన్లే. డ్రైవరు ఎక్కగానే ముందు భాగం 160 మి.మీ. కుంగి, గొడ్డు పడుకున్నట్టు పడుకుంది. పైకి ఆడాల్సిన ఆటలో పెద్ద భాగం నిలబడ్డప్పుడే అయిపోయింది. పోటీకి పన్నెండు రోజుల ముందు తెలిసిందిది. వారం రోజులు ఎవరూ ఎవరితో మాట్లాడుకోలేదు.

మోషన్ రేషియో కూడా ఒక్క అంకె కాదు, చక్రం లేస్తున్నకొద్దీ మారుతుంది. క్యాడ్‌లో (కంప్యూటర్ బొమ్మలో) చక్రాన్ని 10 మి.మీ. చొప్పున కదిపి ప్రతిసారీ షాకప్ పొడవు రాసుకుని గ్రాఫు గీయండి. పైకి వెళ్లేకొద్దీ రేషియో పెరగాలి, కనీసం తగ్గకూడదు. తగ్గితే దూకి పడ్డప్పుడు సస్పెన్షన్ మెత్తబడి అడుక్కి కొట్టుకుంటుంది. షాకప్‌ని మరీ పక్కకి వంచి పెట్టిన బండ్లలో ఇది తరచూ కనబడుతుంది.

ముందు వైపు డబుల్ విష్‌బోన్ గురించి వాదన అక్కర్లేదు, అదే పెట్టండి. అందులో రెండు విషయాలు పట్టించుకోండి. ఒకటి బంప్ స్టీర్. చక్రం పైకి లేస్తుంటే స్టీరింగు ముట్టుకోకుండానే చక్రం పక్కకి తిరిగితే, గతుకుల మీద డ్రైవరు బండిని కాదు, స్టీరింగుని ఆపుకోవడంతోనే అలిసిపోతాడు. ముందు నుంచి చూసినప్పుడు పై ఆర్మ్, కింది ఆర్మ్ గీతలు పొడిగిస్తే ఎక్కడ కలుస్తాయో, టై రాడ్ (స్టీరింగు నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) గీత కూడా అక్కడికే పోవాలి. దాని లోపలి జాయింటు రెండు ఆర్మ్‌ల లోపలి పివట్‌లని కలిపే గీత మీదో, దానికి దగ్గర్లోనో ఉండాలి. ఇక్కడే పాత కార్ల స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగు తిప్పితే టై రాడ్‌లని పక్కకి తోసే పళ్ల కడ్డీ) దెబ్బ తీస్తుంది. చౌకగా దొరికిందని తెస్తారు, అది మీ పివట్‌ల కన్నా పొడవు ఉంటుంది. అప్పుడు పివట్‌లని ర్యాక్‌కి తగ్గట్టు జరపండి, లేదా పొట్టి ర్యాక్ చేయించండి. ర్యాక్‌ని ఉన్న చోట బోల్టు వేసి దణ్ణం పెట్టుకోకండి.

రెండోది, ఆర్మ్ పివట్ గీతని పక్క నుంచి చూస్తే ముందు కొస కొంచెం పైకి ఉండేట్టు వంచడం. అలా వంచితే రాయి తగిలినప్పుడు చక్రం పైకి లేస్తూ కాస్త వెనక్కి జరుగుతుంది, దెబ్బ మెత్తగా తగులుతుంది. ఎక్కువ వంచితే ఫ్రేము ముందు భాగం వెల్డింగు నరకం అవుతుంది, బ్రేకు వేసినప్పుడు ముక్కు దించడం కూడా పెరుగుతుంది. మొదటి బండికి 5 నుంచి 8 డిగ్రీలు చాలు. క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే చక్రం స్టీరింగుకి తిరిగే గీత వాలు) లెక్కేసేటప్పుడు ఈ వంపు కూడా కలుపుకుని చూడండి.

ఇక వెనక. ట్రెయిలింగ్ ఆర్మ్ ఒక్కటే పెడితే పక్క బలమంతా ఆ ఆర్మ్‌ని మెలిపెడుతుంది. అందుకే దానికి రెండు అడ్డ లింకులు కలిపి వాడతారు. దాని గొప్పతనం ఏమిటంటే ముందు కొస డ్రైవరు వెనకున్న రోల్ హూప్ (నిలువుగా వంపు తిరిగిన గొట్టం) దగ్గరే తగులుతుంది. అక్కడ ఫ్రేము ఎలాగూ బలంగా ఉంటుంది. నడవడం కూడా బాగా నడుస్తుంది. కానీ ఆ ఆర్మ్ మూడు దిక్కుల్లో వంగిన వస్తువు, మంచి ఫిక్చరు (ముక్కల్ని కదలకుండా పట్టుకునే చట్రం) లేకుండా కుడీ ఎడమా ఒకేలా రావు. మొదటిసారి కడుతున్నారు కాబట్టి నేనైతే కింద హెచ్-ఆర్మ్ (హెచ్ అక్షరంలా ఉండే వెడల్పాటి ఆర్మ్), పైన ఒకే క్యాంబర్ లింకు (ముందు నుంచి చూస్తే చక్రం వాలుని, అంటే క్యాంబర్‌ని, పట్టే కడ్డీ) పెట్టమంటాను. హెచ్-ఆర్మ్‌ని చదునైన ఇనప బల్ల మీద పడుకోబెట్టి ట్యాక్ చేయొచ్చు, అంటే చుక్కచుక్కగా తాత్కాలికంగా వెల్డు పెట్టొచ్చు. టోని అదే పట్టుకుంటుంది. ట్యాక్ చేసేటప్పుడు రెండు బుష్‌ల గుండా ఒకే పొడవాటి కడ్డీ దూర్చి ఉంచండి, లేకపోతే వెల్డయ్యాక రంధ్రాలు ఒకదానికొకటి చూసుకోవు, చక్రం బిగుసుకుపోతుంది.

వెనక ఆటని నిర్ణయించేది స్ప్రింగు కాదు, గేర్‌బాక్సు నుంచి చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్టు. లోపలి (గేర్‌బాక్సు వైపు) ట్రైపాడ్ జాయింటుని తిరుగుతుండగా 20 డిగ్రీలు దాటించకూడదని పెట్టుకోండి. రెండు జాయింట్ల మధ్య షాఫ్టు 400 మి.మీ. ఉంటే, అడ్డంగా ఉన్న చోటు నుంచి చక్రం పైకి 137, కిందకి 137. అంతకుమించి ఆడనిస్తే జాయింటు బయటికి ఊడొస్తుంది, లేదా బూటు చిరిగి ఇసుక తాగుతుంది. గేర్‌బాక్సు ఎత్తు, షాఫ్టు పొడవు ముందే క్యాడ్‌లో పెట్టి, రెండు కొసల్లోనూ కోణం, షాఫ్టు ఎంత లోపలికీ బయటికీ జరుగుతుందో చూడండి. లోపలి జాయింటు మధ్య బిందువు, ఆర్మ్ లోపలి పివట్‌లు దాదాపు ఒకే నిలువు గీత మీద ఉంటే ఆ జరుగుడు తగ్గుతుంది.

సందర్భం వచ్చింది కాబట్టి ఇదీ అడుగుతున్నాను, మీ గేర్‌బాక్సు ఏది? మూడు చక్రాల సరుకు ఆటోది వాడితే లోపల డిఫరెన్షియల్ (రెండు చక్రాలనీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) ఉంటుంది. గుంతలో ఒక చక్రం గాల్లోకి లేస్తే అదే గిరగిరా తిరుగుతుంది, బండి కదలదు. కాబట్టి వెనక మెత్తగా పెట్టి రెండు చక్రాలూ నేల వదలకుండా చూసుకోవాలి. డిఫరెన్షియల్ లేకుండా రెండు చక్రాలూ కలిపి తిప్పితే కథ తిరగబడుతుంది. బండి తిరగనంటుంది, నేరుగా పోతానంటుంది. అప్పుడు వెనక బిగించి, మలుపులో లోపలి చక్రం కావాలనే తేలేట్టు చేస్తారు. సీనియర్ టీము బండి చూసి సెట్టింగు కాపీ కొట్టేవాళ్లు ఈ ఒక్క తేడా కనిపెట్టక బోల్తా పడతారు.

ఇప్పుడు గొట్టాలకొద్దాం. బయటి వ్యాసం 25 మి.మీ., గోడ 3 మి.మీ., కార్బన్ కనీసం 0.18 శాతం. రూలుబుక్కు ప్రధాన గొట్టాలకి అడిగేది ఇదీ. వేరే సైజు వాడాలంటే వంపు స్టిఫ్‌నెస్, వంపు బలం రెండూ 1018 స్టీలు (మామూలు తక్కువ కార్బన్ స్టీలు) 25×3 గొట్టం కన్నా తగ్గకూడదు, గోడ 1.57 మి.మీ. కన్నా పలచబడకూడదు. అంకెలు ఏటేటా సవరిస్తుంటారు, మీ ఏడాది పుస్తకం పెట్టుకుని చూడండి.

మీరు 4130 క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన స్టీలు), 25.4 వ్యాసం, 1.65 గోడ అని రాశారు. ఇది నిలవదు. "క్రోమోలీ బలమైంది కదా, పలచగా ఉన్నా చాలు" అనుకుంటారు అందరూ. బలం వేరు, స్టిఫ్‌నెస్ వేరు. స్టిఫ్‌నెస్ విషయంలో ఏ స్టీలైనా ఒకటే, 205 గిగాపాస్కల్స్. మిగతాదంతా ఆకారమే. 25×3 గొట్టానికి వైశాల్య జడత్వ భ్రామకం (ఆకారాన్ని బట్టి ఎంత వంగకుండా ఉంటుందో చెప్పే అంకె) దాదాపు 12,780 మి.మీ. నాలుగో ఘాతం. మీ గొట్టానికి 8,720. ఎంత ఖరీదైన స్టీలు తెచ్చినా అది 12,780 అవదు. వ్యాసం పెంచండి. 29.2 వ్యాసం, 1.65 గోడ తీసుకుంటే 13,600 వస్తుంది. ఈల్డ్ (స్టీలు వంగి మళ్లీ వెనక్కి రాని ఒత్తిడి) 435 మెగాపాస్కల్స్ అనుకుంటే వంపు బలం 405 న్యూటన్ మీటర్లు, అవతల 1018కి 373. రెండూ గట్టెక్కాయి. పైగా మీటరుకి 1.63 కిలోల చోట 1.12 కిలోలే. ప్రధాన గొట్టాలు ఇరవై మీటర్లు పడితే పది కిలోలు మిగిలాయి. మేం ఆడిన రోజుల్లో అందరికీ ఒకటే ఇంజిన్, 305 సీసీ, 10 హార్స్ పవర్ బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్. ఇంజిన్ మార్చలేనప్పుడు పది కిలోలంటే మాటలా?

గొట్టంతో పాటు టెస్టు సర్టిఫికెట్ తీసుకోండి, కార్బన్, ఈల్డ్ రాసున్నది. కాగితం తర్వాత ఇస్తానన్న షాపులో కొనకండి. ఆ "తర్వాత" రాదు, ఇన్‌స్పెక్షన్ బల్ల దగ్గర మీ మాట ఎవరూ నమ్మరు.

గొట్టాలు కోసేముందు ఒక చవక పని. ప్లంబింగు పీవీసీ పైపులతో డ్రైవరు గది అసలు సైజులో కట్టండి. మీలో అందరికన్నా పొడుగువాణ్ని హెల్మెట్, బూట్లతో కూర్చోబెట్టండి. తల చుట్టూ 152 మి.మీ., ఒంటికి 76 మి.మీ. ఖాళీ ఉందో లేదో టేపు పెట్టి కొలవండి. అయిదు సెకన్లలో బయటికి దూకగలడా చూడండి. క్యాడ్‌లో మోకాళ్లు స్టీరింగుకి తగలవు, నిజంగా కూర్చుంటే తగులుతాయి.

మీ 2.4 గురించి కూడా మొహమాటం లేకుండా చెప్పాలి. గంటకి 64 కిలోమీటర్ల వేగంతో గోడకి గుద్ది 0.1 సెకనులో ఆగినట్టు తీసుకున్నారు. అంటే 18 జీ (భూమ్యాకర్షణకి 18 రెట్లు), 250 కిలోలకి 44 కిలోన్యూటన్లు. ఆ 0.1 ఎక్కడిది? 0.2 పెట్టుంటే మీ ఫ్యాక్టర్ 4.8 అయ్యేది, ఫ్రేములో ఒక్క గొట్టమూ మారకుండా. పైగా వెనక గొట్టాలు కదలకుండా బిగించి ముందు తోశారు. నిజం బండి వెనక ఎవరూ పట్టుకోరు. ఆ అంకె మీద జడ్జి ఒక్క ప్రశ్న వేస్తే నీళ్లు నమలాల్సి వస్తుంది. దానికి బదులు ఇది చేయండి. వెనక షాకప్ మౌంట్లు పట్టుకుని, ముందు షాకప్ మౌంట్ల దగ్గర ఒకవైపు పైకి, ఒకవైపు కిందకి తోసి ఫ్రేము ఎంత మెలిపడుతుందో చూడండి. గొట్టాల్ని గీతలుగా తీసుకునే బీమ్ ఎలిమెంట్లు చాలు, లక్షల ముక్కల మెష్ అక్కర్లేదు. ఏ గొట్టం వంగుతోందో, ఏది ఊరికే లాగుడూ నొక్కుడూ మోస్తోందో విడివిడిగా చూడండి. గొట్టం నడిమధ్యలో వంపు ఎక్కువ కనబడితే బలం తప్పు చోట దిగుతోందన్నమాట. మందం పెంచకండి, కీలుని మూడు గొట్టాలు కలిసే చోటుకి జరపండి.

నేను మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్‌లో, బాహా పోటీలో చూసిన బండ్లలో రోల్ కేజ్ విరిగింది ఒక్కటీ లేదు. విరిగేవన్నీ చిన్నచిన్నవి. షాకప్ పట్టుకునే పట్టీ ముక్క, టై రాడ్ మర, ఆర్మ్ కొసన రాడ్ ఎండ్ (మర మెడ ఉన్న గుండ్రటి కీలు). లెక్క చూడండి. ముందు చక్రం మీద నిలబడ్డ బరువు స్ప్రింగు మీది 40, మూల బరువు 15 కలిపి 55 కిలోలు, అంటే 540 న్యూటన్లు. దూకితే మూడింతలు అనుకుంటే 1,620. మోషన్ రేషియో 0.6 కాబట్టి షాకప్‌లో 2,700. పావు టన్నుకి పైగా భారం, రెండు చిన్న రేకు చెవుల మీద, నాలుగు గంటల ఎండ్యూరెన్స్ పరుగంతా. చెవులు రెండువైపులా ఉండాలి, బోల్టు మధ్యలో షాకప్ ఉండాలి. ఒకవైపే చెవి పెట్టి బోల్టుని కొమ్మలా వేలాడదీయకండి. షాకప్ కింది కొస ఆర్మ్ గొట్టం మధ్యలో కాకుండా బాల్ జాయింటుకి వీలైనంత దగ్గరగా, అడ్డ గొట్టం ఉన్న చోట పెట్టండి.

రాడ్ ఎండ్ లాగుడు, నొక్కుడు మోస్తుంది. మర ఉన్న మెడ వంపుని మోయలేదు. క్యాంబర్ సరిచేసుకోవచ్చని ముందు కింది ఆర్మ్ బయటి కొసన రాడ్ ఎండ్ పెట్టేవాళ్లని ఏటా చూస్తాను, బ్రేకు వేసిన ప్రతిసారీ ఆ మెడ వంగుతూ ఉంటుంది. అక్కడ కారు బాల్ జాయింటే పెట్టండి. బోల్టు తల మీద 8.8 అచ్చు (బలం గ్రేడు) ఉండాలి, కోత పడే చోట మర ఉండకూడదు, నైలాక్ (లోపల నైలాన్ వలయం ఉండి వదులవని) నట్టు దాటి కనీసం రెండు మరలు బయటికి కనబడాలి.

వెల్డింగు ఆటోనగర్‌లో చేయిస్తామన్నారు. అక్కడ చేతి పనితనానికి కొదవ లేదు. కానీ రోజూ లారీ బాడీలు అతికే చెయ్యికి 1.65 గోడ కొత్త, కరెంటు కాస్త ఎక్కువైతే చిల్లు పడుతుంది. ఆర్గాన్ గ్యాసుతో వెల్డు చేసేవాళ్లనే పట్టుకోండి. ముందు అవే గొట్టం ముక్కలతో 90 డిగ్రీలదొకటి, 30 డిగ్రీలదొకటి అతికించి, ఒకదాన్ని విరిచి, ఒకదాన్ని కోసి చూడండి. పోటీకి ఎలాగూ శాంపిళ్లు చూపాలి. గొట్టం గొట్టానికి ఆనే చోట ఫిష్ మౌత్ కోత (చేప నోరులా గొట్టం కొసన తీసే వంపు) సందు లేకుండా కూర్చోవాలి. క్యాడ్ నుంచి కాగితం మీద అసలు సైజులో ప్రింటు తీసి గొట్టానికి చుట్టి గీసుకుంటే సరిపోతుంది. మొత్తం ట్యాక్ చేశాకే పూర్తి వెల్డు మొదలెట్టాలి, కుడి పక్క ఒకటి వేస్తే ఎడమ పక్క ఒకటి. వేడి మీద తడిగుడ్డ వేయనివ్వకండి. 4130 దానంతటది చల్లారాలి, నీళ్లు తగిలితే పెళుసెక్కి వెల్డు పక్కన పగులుతుంది. మేస్త్రీ అలవాటుగా గుడ్డ తీస్తాడు, మీలో ఒకరు పక్కనే నిలబడండి.

సరే, షాకప్‌లు. బైకు వెనక షాకప్‌లు వద్దు. మనకి 250 ఆటకి 0.6 రేషియోతో 150 మి.మీ. స్ట్రోక్ కావాలి. 90 స్ట్రోక్ షాకప్ తెస్తే రేషియో 0.36కి దిగుతుంది, మౌంటు మీద భారం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. డబ్బుంటే ఎయిర్ షాక్‌లు, బరువు తక్కువ, పంపుతో సరిచేసుకోవచ్చు. ఎండలో గాలి వేడెక్కి గట్టిపడతాయని మాత్రం గుర్తుంచుకోండి. డబ్బు లేకపోతే స్ట్రోక్ సరిపోయే ఏటీవీ (గతుకు దారుల్లో నడిపే నాలుగు చక్రాల చిన్న బండి) డ్యాంపర్లు (స్ప్రింగు లేని షాకప్‌లు) తీసుకుని స్ప్రింగు విడిగా చుట్టించండి. 7 మి.మీ. తీగ, 60 మి.మీ. సగటు వ్యాసం, పనిచేసే చుట్లు పది వేస్తే మిల్లీమీటరుకి 11 న్యూటన్లు వస్తుంది, మనక్కావాల్సింది అదే. పూర్తిగా నొక్కితే తీగలో ఒత్తిడి 880 మెగాపాస్కల్స్ దాకా పోతుంది కాబట్టి మామూలు తీగ నాలుగు రోజులకి కుంగిపోతుంది, సిలికాన్ క్రోమ్ తీగ అడగండి. చివరి 30 మి.మీ.కి రబ్బరు బంప్ స్టాప్ తప్పనిసరి.

ఆర్డరు మాత్రం ఇప్పుడే ఇవ్వకండి. పైన వేసిన 40, 55 కిలోలు నా ఊహ. ఫ్రేము లేచి, ఇంజిన్ కూర్చుని, డ్రైవరు ఎక్కాక నాలుగు చక్రాల కింద నాలుగు తూకం మిషన్లు పెట్టండి. ఆ నాలుగు అంకెలు, మీ మోషన్ రేషియో గ్రాఫు పంపితే తీగ మందం, చుట్లు కలిసి లెక్కేద్దాం.